తంగిడి దగ్గర నీటి లెక్క: పొరుగు ప్రభుత్వాల సహకారంపై మక్తల్ నుంచి ఒక పరిశీలన

మక్తల్ నుంచి రాయచూరు వెళ్లే రోడ్డు మీద కృష్ణ వంతెన దాటితే రాష్ట్రం మారిపోతుంది. ఇవతలి గట్టు నారాయణపేట జిల్లా కృష్ణా మండలం. అవతలి గట్టు రాయచూరు జిల్లా దేవసూగూరు, దాన్ని ఆనుకుని శక్తినగర్ థర్మల్ విద్యుత్ కేంద్రం. వంతెనకు ఎగువన తంగిడి దగ్గర భీమా నది కృష్ణలో కలుస్తుంది. మహారాష్ట్రలో పుట్టి 861 కిలోమీటర్లు పారి వచ్చిన నది అది. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేది ఈ సంగమం దగ్గరే. అక్కడి నుంచి కొంత దూరం ఎడమ గట్టు తెలంగాణది, కుడి గట్టు కర్ణాటకది. రెండు గట్ల మీదా తెలుగూ వినిపిస్తుంది, కన్నడమూ వినిపిస్తుంది. మక్తల్ జనానికి వైద్యానికైనా సరుకులకైనా రాయచూరు పరాయి ఊరు కాదు. నీళ్ల విషయం వచ్చేసరికి మాత్రం ఆ గట్టు వేరే ప్రభుత్వం, ఈ గట్టు వేరే ప్రభుత్వం.

ఉమ్మడి నదులను, సరస్సులను పొరుగు దేశాలు ఎలా పంచుకుంటున్నాయన్న ప్రశ్నకు సింధు, మెకాంగ్, సెనెగల్ నదుల ఉదాహరణలే ఎక్కువగా చెబుతారు. ఆ ప్రశ్నను మక్తల్ దగ్గర అడిగినా పనికొచ్చే జవాబులే దొరుకుతాయి. ఎందుకంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాకు నీళ్లిచ్చే లేదా ఇవ్వాల్సిన మూడు ఏర్పాట్లు మూడు రకాలుగా నడుస్తున్నాయి. తుంగభద్ర డ్యామును ఉమ్మడి బోర్డు నడుపుతోంది. రాజోలిబండ కాలువకు కాగితం మీద వాటా ఉంది, కానీ కాలువ తలభాగం పొరుగు రాష్ట్రం చేతిలో ఉంది. కృష్ణ మీది జూరాల ప్రాజెక్టుకు వాటా ఉన్నా పైనున్న డ్యాములతో కలిపి నడిపే ఏర్పాటంటూ లేదు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, నీళ్లు ఎన్ని టీఎంసీలు రాసిచ్చారన్నదానికంటే వాటిని రోజువారీగా ఎవరు కొలుస్తారు, గేటు ఎవరి మాట మీద లేస్తుంది అన్నదే దిగువ రైతుకు ఎక్కువ తేడా తెస్తున్నట్టు కనిపిస్తుంది. మూడే ఉదాహరణలు కాబట్టి దీన్ని సూత్రంగా చెప్పడం తొందరపాటే. తుంగభద్ర వేరే ఉపనది, అక్కడి వానలు వేరు, ఆయకట్టు వేరు. ఆ తేడాలను గుర్తుపెట్టుకునే ముందుకు పోదాం.

ఒక జిల్లా రెండు రాష్ట్రాలైనప్పుడు

1956 నవంబరు 1కి ముందు రాయచూరు, మహబూబ్‌నగర్, గుల్బర్గా మూడూ హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లాలే. గద్వాల, ఆలంపూర్ తాలూకాలు అప్పట్లో రాయచూరు జిల్లాలో ఉండేవి. అంటే తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట కట్టి ఎడమ గట్టు నుంచి కాలువ తవ్వాలని హైదరాబాద్ ప్రభుత్వం తలపెట్టినప్పుడు, ఆ కాలువ మొదలూ చివరా ఒకే జిల్లా లోపల ఉన్నాయి. రాష్ట్రాల పునర్విభజనతో గద్వాల, ఆలంపూర్ మహబూబ్‌నగర్‌లో కలిసి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఆనకట్ట ఎడమ కొస, కాలువ మొదటి 43 కిలోమీటర్లు మైసూరు రాష్ట్రంలో, అంటే నేటి కర్ణాటకలో ఉండిపోయాయి. ఒక్క రోజులో జిల్లా కాలువ అంతర్రాష్ట్ర కాలువ అయింది. దాన్ని నడిపే పద్ధతిని మాత్రం కొత్త పరిస్థితికి తగ్గట్టు ఎవరూ తిరగరాయలేదు.

మక్తల్ వైపు కథ కూడా అలాంటిదే. భీమా మీద, ఎగువ కృష్ణ మీద, తుంగభద్ర ఎడమ కాలువ పొడిగింపు మీద హైదరాబాద్ రాష్ట్రం వేసుకున్న ప్రణాళికలు మహబూబ్‌నగర్ మెట్ట భూములకు నీళ్లు తేగలిగేవి. పునర్విభజన తర్వాత వాటి తలభాగాలు పొరుగు రాష్ట్రానికి పోయాయి. ఈ సంగతిని జస్టిస్ ఆర్.ఎస్. బచావత్ అధ్యక్షతన ఏర్పడిన మొదటి కృష్ణా ట్రిబ్యునల్ కూడా గుర్తించింది. హైదరాబాద్ రాష్ట్రం ముక్కలు కాకుండా ఉంటే ఈ ప్రాంతానికి సాగునీరు దక్కే అవకాశాలు మెరుగ్గా ఉండేవని అభిప్రాయపడి, జూరాలకు 17.84 టీఎంసీలు కేటాయించింది. పాలమూరు ఉద్యమకారులు తరచూ చెప్పే మాటకు ఒక న్యాయ నివేదికలో దొరికే గట్టి ఆధారం ఇది.

అయినా కేటాయింపు జరగడం వేరు, నీరు పారడం వేరు. జూరాలకు శంకుస్థాపన 1981లో జరిగితే, ప్రాజెక్టు ప్రారంభం 1995లో. ఆ తర్వాత కూడా ముంపు భూములు కర్ణాటకలో ఉండటం, పరిహారం చెల్లింపు ఆలస్యం కావడం వల్ల చాలా ఏళ్లు పూర్తి మట్టం దాకా నింపలేకపోయారు. ట్రిబ్యునల్ ఇచ్చిన నీటిని నిల్వ చేయడానికి కూడా పొరుగు ప్రభుత్వంతో లెక్క తేల్చుకోవాల్సి వచ్చింది.

బచావత్ వదిలేసిన సగం

బచావత్ ట్రిబ్యునల్ నివేదిక 1973లో వచ్చింది, తుది రూపంలో 1976 మే 31న గెజిట్‌కెక్కింది. 75 శాతం విశ్వసనీయతతో కృష్ణలో 2060 టీఎంసీలు వస్తాయని లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు పంచింది. ఈ అంకెలు తెలుగు పత్రికలు చదివేవారందరికీ కంఠతా వచ్చు. తక్కువగా చర్చకొచ్చేది ఇంకొకటుంది. ట్రిబ్యునల్ రెండు పథకాలు రూపొందించింది. ‘ఏ’ పథకం వాటాలు పంచి ఎవరి నీళ్లు వాళ్లు వాడుకొమ్మంటుంది. ‘బీ’ పథకం కృష్ణా లోయ అథారిటీ అనే ఉమ్మడి సంస్థను పెట్టి, మిగులునూ లోటునూ ఏటా పంచాలంటుంది. అలాంటి సంస్థ రాష్ట్రాల ఒప్పందంతోనో పార్లమెంటు చట్టంతోనో రావాలి. రాష్ట్రాలు ఒప్పుకోలేదు, చట్టం రాలేదు. అమలైంది ‘ఏ’ పథకం ఒక్కటే. నా దృష్టిలో మక్తల్ నీటి కష్టానికి మూలం 700, 800 అన్న అంకెల్లో కంటే ఇక్కడే ఎక్కువగా ఉంది.

ఈ లోటు అక్కడితో తీరలేదు. అంతర్రాష్ట్ర నదులకు సలహా బోర్డులు పెట్టుకోవడానికి 1956లోనే కేంద్రం నదీ బోర్డుల చట్టం తెచ్చింది. దాని కింద ఈనాటిదాకా ఒక్క బోర్డూ ఏర్పడలేదు. జస్టిస్ బ్రిజేష్ కుమార్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన రెండో కృష్ణా ట్రిబ్యునల్ 2010 డిసెంబరు 30న ఇచ్చిన నివేదికలో నిర్ణయాల అమలుకు ఒక బోర్డు ఉండాలంది. ఆ నిర్ణయం గెజిట్‌కెక్కకుండా 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఆంధ్రప్రదేశ్ విభజన తర్వాత 2014లో వచ్చిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య వ్యవహారాలకే పరిమితం. కర్ణాటక అందులో సభ్యురాలు కాదు. అందుకే శ్రీశైలం, సాగర్ దగ్గర ఏ చిన్న తేడా వచ్చినా కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చోటుంది. ఎగువన కర్ణాటకలోని నారాయణపూర్ డ్యాముకూ జూరాలకూ మధ్య అలాంటి చోటు లేదు.

ఉమ్మడిగా నడిచే డ్యామ్

తుంగభద్ర దగ్గర పరిస్థితి వేరు. అక్కడి సహకారం నిజంగా ఇద్దరు వేర్వేరు పాలకుల మధ్యే మొదలైంది. ఒకవైపు నిజాం హైదరాబాద్, మరోవైపు బ్రిటిష్ మద్రాసు. ఏళ్ల తరబడి సాగిన చర్చలు 1944లో ఒప్పందానికొచ్చాయి. 1945 ఫిబ్రవరి 28న నదికి రెండు వైపులా రెండు ప్రభుత్వాలూ శంకుస్థాపన చేశాయి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లో తుంగభద్ర బోర్డు వచ్చింది. అధ్యక్షుణ్ని కేంద్రం నియమిస్తుంది, రాష్ట్రాల ప్రతినిధులు సభ్యులు. 2014 తర్వాత తెలంగాణ కూడా చేరింది. ఏటా సీజన్ మొదట్లో డ్యాములోకి ఎంత నీరు రావచ్చో బోర్డు అంచనా వేస్తుంది, వాటాల నిష్పత్తిలో పంచుతుంది, రాష్ట్రాలు ఇండెంట్ పెడితే విడుదల చేస్తుంది. నిర్వహణ ఖర్చు కూడా పంచుకుంటారు.

ఈ పద్ధతికి అసలు పరీక్ష పూడికతో వచ్చింది. కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలున్న నిల్వ సామర్థ్యం ఇప్పుడు 105 టీఎంసీల దగ్గరికి పడిపోయింది. ఆ నష్టం ఒక్కరి నెత్తిన పడకుండా దామాషాగా అందరి మీదా పడుతోంది. రెండో పరీక్ష 2024 ఆగస్టు 10 రాత్రి వచ్చింది. 19వ నంబరు క్రస్ట్ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నిండిన డ్యాము, పారుతున్న నది, దిగువన నాట్లు వేసుకుంటున్న రైతులు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు సలహాతో స్టాప్‌లాగ్ దిమ్మెలు తయారుచేయించి, పారే నీటిలోనే వాటిని దించి వారం రోజుల్లో నీటిని అడ్డుకున్నారు. పొరుగు రాష్ట్రాల ఇంజినీర్లు ఒకే గట్టు మీద పనిచేశారు. గేట్లకు డెబ్బై ఏళ్లు నిండుతున్నా మార్చకుండా ఎందుకు ఉంచారన్న ప్రశ్న బోర్డును వదలదు, వదలకూడదు కూడా. ఉమ్మడి సంస్థ ఉంటే అన్నీ సవ్యంగా జరుగుతాయని ఈ ఘటన నిరూపించదు. ఆపద వచ్చినప్పుడు ఎవరు బాధ్యులు, ఎవరు డబ్బు పెట్టాలి, ఎవరు నిర్ణయించాలి అన్న వాదనతో రోజులు గడిచిపోలేదని మాత్రం చెప్పగలం.

అదే తుంగభద్ర మీద, అదే బోర్డు నీడలో ఉన్న రాజోలిబండ కాలువ దగ్గరికి వస్తే ఫలితం తలకిందులవుతుంది. ఈ పథకానికి బచావత్ 17.1 టీఎంసీలు ఇచ్చింది. అందులో 1.2 కర్ణాటకకు, 15.9 మహబూబ్‌నగర్ వైపుకు. 143 కిలోమీటర్ల కాలువ కింద తెలంగాణ ఆయకట్టు 87,500 ఎకరాలు, కర్ణాటక ఆయకట్టు ఆరు వేల ఎకరాలకు లోపే. డ్యాము నుంచి నీటి విడుదల బోర్డు చూస్తుంది. కానీ ఆనకట్ట, కాలువ మొదటి 43 కిలోమీటర్లు బోర్డు చేతిలో లేవు. అక్కడి పూడిక, అక్కడి గండ్లు, అక్కడి అదనపు తూములు కర్ణాటక పరిధిలోవి. ఆనకట్ట కుడి కొస ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు జిల్లా వైపు ఉంది కాబట్టి, ఎత్తు కొన్ని సెంటీమీటర్లు పెంచే పనికి కూడా మూడో పక్షం అభ్యంతరం వచ్చింది. పూర్తి వాటా ఏ ఏడాదీ అందలేదన్నది తెలంగాణ వాదన. ఆలంపూర్ చివరి భూముల రైతులు దశాబ్దాలుగా చెబుతున్నదీ అదే. 2003లో కె. చంద్రశేఖర్ రావు ఆలంపూర్ నుంచి గద్వాల దాకా పాదయాత్ర చేసింది ఈ కాలువ కోసమే. చివరికి 2018లో తుమ్మిళ్ల దగ్గర ఎత్తిపోతల పెట్టి, తుంగభద్ర నీటిని మోటార్లతో అదే కాలువ కింది భాగంలోకి తోడటం మొదలుపెట్టారు. వాలుతో రావాల్సిన నీటికి కరెంటు ఖర్చు పెడుతున్నామంటే, సహకారం కుదరకపోవడానికి ఎంత ధర కడుతున్నామో ఆ బిల్లులే చెబుతాయి.

నది ఒకటే, బోర్డు ఒకటే, రాష్ట్రాలు అవే. డ్యాము దగ్గర ఉమ్మడి నిర్వహణ ఉంది, కాలువ తలదగ్గర లేదు. ఈ పోలికలో వానల తేడా, నది తేడా చాలావరకు తప్పిపోతాయి కాబట్టి, మూడు ఉదాహరణల్లో దీనికే నేను ఎక్కువ బరువిస్తాను.

జూరాలకు కావలసింది రోజులు

ఇక మక్తల్ ముంగిటి కృష్ణ. పంచదేవపహాడ్ దగ్గర గట్టు మీద నిలబడితే రెండు విషయాలు ఒకేచోట కళ్లబడతాయి. నది మధ్య దీవి మీద శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రం కురువపురం ఉంది. అది రాయచూరు జిల్లాలోది. మక్తల్ మీదుగా వచ్చిన భక్తులు ఇక్కడ పుట్టి ఎక్కుతారు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున నీరు చొరబడకుండా పట్టా కప్పిన పుట్టి. తెడ్డు ఒక్కటే. నడిపేవాడు ముందు ప్రవాహానికి ఎదురుగా గట్టు వెంబడి కొంత దూరం తీసుకుపోయి, అక్కడ నదిలోకి వదులుతాడు. నీరే దాన్ని ఏటవాలుగా అవతలికి చేరుస్తుంది. ఎగువన గేట్లు ఎత్తారని తెలిస్తే పుట్లు ఆగిపోతాయి. అదే ఊరి దగ్గర భీమా ఎత్తిపోతల మొదటి దశ పంపులు జూరాల వెనుక జలాలను తోడి సంగంబండ, భూత్పూర్ జలాశయాల వైపు పంపుతాయి. పుట్టి నడిపేవాడికీ పంపులు నడిపేవాడికీ కావలసిన కబురు ఒక్కటే: నారాయణపూర్ నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారు?

ఆ కబురుకు అంత విలువ ఎందుకో అంకెలు చెబుతాయి. ఎగువన కర్ణాటకలోని ఆలమట్టి డ్యాము సామర్థ్యం సుమారు 123 టీఎంసీలు, నారాయణపూర్ 33. వాటి దిగువన జూరాల 9.66. నదిలో లక్ష క్యూసెక్కులు పారితే రోజుకు 8.64 టీఎంసీలు. అంటే మంచి వరద వచ్చిన రోజు జూరాల దాదాపు ఒక్క రోజులో నిండుతుంది. దాని కిందేమో లక్ష ఎకరాలకు పైగా సొంత ఆయకట్టు, పైన భీమా, కోయిల్‌సాగర్, నెట్టెంపాడు ఎత్తిపోతల పథకాలు. ఒక్క భీమా పథకమే 20 టీఎంసీలతో 2.03 లక్షల ఎకరాలకు ఉద్దేశించింది. నిల్వ పెట్టుకునే చోటు లేని ప్రాజెక్టుకు ఏడాదికి మొత్తం ఎంత నీరొచ్చిందన్న లెక్క కంటే, ఎన్ని రోజులు నీరొచ్చిందన్న లెక్క ముఖ్యం. బచావత్ తీర్పు మాట్లాడేది ఏడాది మొత్తాల గురించి. మక్తల్ రైతు నారుమడి ఆధారపడేది తొలి వరద జులైలో వస్తుందా, ఆగస్టు చివర వస్తుందా అన్నదాని మీద.

ఆలమట్టి ఎత్తు వివాదాన్ని కూడా ఈ కోణంలో చూడాలి. 519.6 మీటర్ల దాకా నిల్వకు 2000లో సుప్రీంకోర్టు అనుమతించింది. 524.256 మీటర్లకు రెండో ట్రిబ్యునల్ ఒప్పుకుంది. ఎత్తు పెరిగితే దిగువకు నీరు పూర్తిగా ఆగిపోతుందన్న మాటకు ఆధారం చాలదు. మంచి ఏళ్లలో వరద ఎలాగూ దిగువకు వస్తుంది. నిల్వ పెరిగితే నిండటానికి ఎక్కువ రోజులు పడుతుంది, తొలి విడుదల వెనక్కి జరగవచ్చు. ఆ ఆలస్యం వానలు తక్కువైన ఏళ్లలో బాధిస్తుందన్న భయం సహేతుకమైనది. ఎత్తు విషయంలో అటు పక్కన మహారాష్ట్రకూ భయముంది. 2019 ఆగస్టులో సాంగ్లి, కొల్హాపూర్ మునిగినప్పుడు తప్పంతా ఆలమట్టి వెనుక జలాలదే అన్నారు. మహారాష్ట్ర ప్రభుత్వమే వేసిన వడ్నేరే కమిటీ పరిశీలించి, ఆ వరదకు ఆలమట్టి కారణం కాదంది. ఒకే డ్యాము గురించి ఎగువవారు మునుగుతామని, దిగువవారు ఎండుతామని అంటున్నప్పుడు, ముగ్గురూ నమ్మే కొలత ఒకటి ఉండటం ఎంత అవసరమో తెలుస్తుంది.

ఎండాకాలం సంగతి ఇంకా సున్నితం. 2019 మే నెలలో మహబూబ్‌నగర్ ప్రాంతంలో తాగునీటి ఎద్దడి ముదిరితే, తెలంగాణ ముఖ్యమంత్రి అడిగిన మీదట కర్ణాటక నారాయణపూర్ నుంచి జూరాలకు 2.5 టీఎంసీలు విడుదల చేయడానికి ఒప్పుకుంది. మానవతతో చేసిన మంచి పని అది, కృతజ్ఞతతో తలుచుకోవాలి. కానీ ముఖ్యమంత్రులు ఫోనులో మాట్లాడుకుంటే తప్ప కదలని నీరు, వాళ్ల మధ్య మాటలు లేని ఏడాది కదలదు. పైగా నారాయణపూర్‌లో వదిలిన 2.5 టీఎంసీలు జూరాలకు 2.5 టీఎంసీలుగా చేరవు. ఎండిన ఇసుక ముందు తాగుతుంది. మే ఎండ కొంత పట్టుకుపోతుంది. దారిలో రెండు గట్ల మీదా మోటార్లున్నాయి, శక్తినగర్ అవసరం ఉంది. మూడు వేల క్యూసెక్కుల చొప్పున వదిలితే ఆ నీరు పూర్తిగా దిగడానికే దాదాపు పది రోజులు పడుతుంది. దారిలో తగ్గిన నీరు ఎవరి ఖాతాలో పడాలి?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన పొరుగు దేశాలున్నాయి. భారత్, బంగ్లాదేశ్ 1996 డిసెంబరు 12న 30 ఏళ్లకు చేసుకున్న గంగా ఒప్పందం ఏడాదంతా పట్టించుకోదు. జనవరి 1 నుంచి మే 31 దాకా, పది రోజులకొక లెక్కన ఫరక్కా దగ్గర నీటిని పంచుతుంది. ఉమ్మడి కమిటీ మనుషులు ఫరక్కాలోనూ, అవతల హార్డింజ్ వంతెన దగ్గరా నీటిని కొలుస్తారు. వాటా చాలదన్న అసంతృప్తి బంగ్లాదేశ్‌లో పోలేదు. అయినా ఎంత వచ్చిందన్న దాని మీద చేతిలో ఒక ఉమ్మడి కాగితం ఉంటుంది. మెకాంగ్ మీద 1995లో లావోస్, థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం కమిషన్ పెట్టుకున్నాయి. అన్నిటికంటే ఎగువనున్న చైనా అందులో సభ్యురాలు కాదు. చాలాకాలం వానాకాలం లెక్కలే ఇచ్చి, 2020లో ఏడాది పొడుగునా ఇవ్వడానికి ఒప్పుకుంది. సభ్యత్వం లేకపోయినా లెక్క పంచుకోవచ్చని అది చూపుతుంది. మూడు యుద్ధాలను తట్టుకున్న 1960 సింధు ఒప్పందాన్ని 2025 ఏప్రిల్‌లో భారత్ నిలుపుదల చేసింది. దేశాల మధ్య ఒప్పందాలు రాజకీయానికి అంత తేలిగ్గా గురవుతాయి. ఒకే రాజ్యాంగం, ఒకే సుప్రీంకోర్టు ఉన్న రెండు రాష్ట్రాలకు అంతకంటే సులువైన దారే ఉంది.

కొలతకు కావలసిన పునాది కూడా చాలావరకు ఉంది. కేంద్ర జల సంఘం కృష్ణ మీద హువినహెడ్గి దగ్గర, భీమా మీద యాదగిరి దగ్గర ప్రవాహాన్ని కొలుస్తూనే ఉంది. లేనిదల్లా ఎండాకాలంలో సంగమానికి దిగువన, రెండు రాష్ట్రాల సిబ్బంది కలిసి సంతకం పెట్టే ఒక లెక్క. ఫరక్కా తరహాలో జనవరి నుంచి మే దాకా పది రోజులకొకసారి, దేవసూగూరు వంతెన దగ్గర ఉమ్మడిగా నీరు కొలిచి, ఆ అంకెను ఇరు ప్రభుత్వాలూ అదే రోజు బయటపెట్టవచ్చు. దానికి ట్రిబ్యునల్ తీర్పు అక్కర్లేదు, వాటాల మీద ఎవరి వాదనా దెబ్బతినదు. తాగునీటికి వేసవి విడుదల ఎంతో, దారి నష్టం ఎవరిదో నవంబరులోనే, జలాశయాలు నిండుగా ఉన్నప్పుడే రాసుకోవచ్చు. రాజోలిబండ ఆనకట్టను, కాలువ తొలి 43 కిలోమీటర్లను తుంగభద్ర బోర్డు నిర్వహణ కిందికి తేవడం ఇంకా కష్టమైన పని, మూడు రాష్ట్రాలు ఒప్పుకోవాలి. అయినా ఆలంపూర్ చివరి భూములకు తుమ్మిళ్ల మోటార్ల కంటే చౌకగా నీళ్లు చేర్చే మార్గం అదేనని డ్యాము అనుభవం చెబుతోంది.

రెండో ట్రిబ్యునల్ ముందు 2023లో కేంద్రం పెట్టిన కొత్త విచారణాంశాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య పంపకానికి సంబంధించినవి. వాటి ఫలితం ఎలా ఉన్నా తంగిడి దగ్గర కర్ణాటకతో రోజువారీ లెక్క దానంతట అది కుదరదు. నారాయణపేట, రాయచూరు జిల్లాల ప్రజాప్రతినిధులు వాటాల ఉపన్యాసాలు కాసేపు పక్కనపెట్టి, వచ్చే జనవరిలోపు ఈ ఉమ్మడి కొలతను తమ తమ ప్రభుత్వాల చేత మొదలుపెట్టించాలి. మక్తల్ ఓటరు, దేవసూగూరు ఓటరు తమ నాయకులను అడగాల్సిన మొదటి నీటి ప్రశ్న ఇదే.